తూకానికి రాని ఏడుపు

టామస్ గెరాటీ లేచి నిలబడ్డాడంటే సభలో సగం మంది ముందుగానే నవ్వు మొహం పెట్టుకుంటారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పడమటి సముద్రపు ఒడ్డున కిల్‌డెర్రా అనే చిన్న ఊరి తరఫున ఐర్లండు పార్లమెంటుకి ఐదోసారి ఎన్నికై వచ్చాడు. అంతకు ముందు పశువుల సంతలో వేలంపాట నడిపేవాడు. ఆ గొంతు, ఆ చమత్కారం ఇప్పటికీ పోలేదు.

ఆ సభలో పాతకాలం నుంచీ ఒక ఆచారం ఉంది. ఏ సభ్యుడైనా తన ప్రాంతపు కష్టాన్ని నాలుగు నిమిషాలు చెప్పుకోవచ్చు. ఒకరు కూలిన వంతెన సంగతి తెస్తారు, ఒకరు మూతపడిన పోస్టాఫీసు సంగతి, ఇంకొకరు గోడలు పిండిలా రాలిపోతున్న ఇళ్ల సంగతి. అంతా విని మంత్రిగారు ఎవరో రాసిచ్చిన కాగితం చదివి కూర్చుంటారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా పెట్టరని అందరికీ తెలుసు, అయినా అడగడం ఎవరూ మానరు.

మన కథ జరిగేది ఇంకో ఇరవై ఏళ్ల తరవాత. ఆ ఆచారం అప్పటికీ ఉంది. కాకపోతే మాట్లాడే మనిషికి ఎదురుగా, గుప్పెడంత నల్లటి పెట్టె ఒకటి వచ్చి చేరింది.

"మా ఊళ్లో ప్యాకీ అని ఒక జాలరి ఉండేవాడు," అని మొదలుపెట్టాడు గెరాటీ. "పోయిన నెల గుండె పట్టేసింది. మా ఆసుపత్రిలో ఆ వారం డాక్టరు లేడు. నూట పద్దెనిమిది కిలోమీటర్లు ఆంబులెన్సులో పట్నం తీసుకెళ్లాలి. ప్యాకీ డ్రైవరుతో అన్నాడట, బాబూ, నెమ్మదిగా పోనీ, ఆ పట్నంలో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు, తొందరగా వెళ్లి చేసేదేముంది అని. డ్రైవరు మర్యాదస్థుడు, నెమ్మదిగానే వెళ్లాడు. ప్యాకీ ఇంకా మర్యాదస్థుడు, దారిలోనే దిగిపోయాడు."

సభ నవ్వింది. నవ్విన వాళ్లలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు కూడా. గెరాటీ చిన్నగా దగ్గి, "మా వార్డు మాకు ఉంచండి, అంతే," అని కూర్చున్నాడు.

సభకు వెనక అద్దాల గదిలో కూర్చున్న సుభాషిణి తెర వైపు చూసింది. తెర మీద పచ్చగా ఒక అంకె వెలిగింది. పదకొండు.

నూటికి పదకొండు. ఆ పెట్టెను కనిపెట్టింది సుభాషిణే. కిల్‌డెర్రా వార్డులో పదహారేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నది ఆమె సొంత అక్క.

* * *

ఆ పెట్టెకు ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఒకటి ఉంది కానీ, జనం మాత్రం తూకం అనే అనేవారు. మాట్లాడే మనిషి మెడ మీద చర్మం ఎలా వణుకుతోంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎక్కడ తెగుతోంది, గొంతు ఎంత బిగుసుకుంటోంది, ఇవన్నీ చదివి ఆ మాట వెనక ఎంత దుఃఖం ఉందో అంకెలో చెబుతుంది. భాషతో దానికి పనిలేదు. అబద్ధపు ఏడుపును ఇట్టే పట్టేస్తుందని పేరు తెచ్చుకుంది. గోరంతను కొండంత చేసే నాయకులను వినీ వినీ విసిగిపోయిన దేశం దాన్ని నెత్తిన పెట్టుకుంది. ప్రభుత్వం ప్రాధాన్యాల సంఘం అని ఒకటి వేసి, దేశం కష్టాలను తూచే పని దానికి అప్పగించింది.

ఆ ఏడాది సంఘం ముందున్న పెద్ద కష్టం ఆసుపత్రులది. చిన్న ఊళ్లలో అత్యవసర వార్డులు పదిహేడున్నాయి. ఉన్న డాక్టర్లు పన్నెండింటికే సరిపోతారు. ఎక్కువ తూగిన పన్నెండు ఊళ్లకు డాక్టర్లను పంపి, మిగతా అయిదూ మూసేయాలని నిర్ణయం. పదకొండు తూగిన కిల్‌డెర్రా పదిహేడో పేరుగా చేరింది.

నూరు అనే అంకెను సుభాషిణి ఎక్కడి నుంచి తెచ్చిందో చాలామందికి తెలియదు. తక్కెడకు రాయి కావాలి కదా. మనిషి గొంతులో దుఃఖం ఇంతకు మించి ఉండదు అనదగ్గ ఒక గొంతు కావాలి. వేల గొంతులు విన్నాక చివరికి ఆమె తన దగ్గరే ఉన్న ఒక పాత రికార్డింగు తీసింది. అది వాళ్ల మామ్మ పైడితల్లిది. టెక్కలి దగ్గర వాళ్ల ఊళ్లో తాత పోయిన రోజు మామ్మ రాగం తీసి పెట్టిన శోకం. చుట్టుపక్కల ఏ ఊళ్లో చావు జరిగినా మామ్మను పిలుచుకెళ్లేవాళ్లు. పైడితల్లి శోకం తీస్తే రాయి కూడా కరుగుతుందనేవాళ్లు. సుభాషిణి ఆ రాయినే తక్కెడలో వేసింది.

* * *

ఆ శనివారం ఆమె కిల్‌డెర్రా వెళ్లింది. అక్క హైమావతి ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉంటుంది. పెరట్లో తాడు కట్టి, దాని మీద చేపలు ఎండబెట్టడం ఆమెకు అలవాటు. ఎండు చేపా వంకాయా కూర లేకపోతే ఆదివారం గడవదు. ఆ వాసనకు ఊళ్లో పిల్లులన్నీ ఆ గోడ మీదే కాపురం ఉండేవి. ఇరుగుపొరుగు మొదట్లో ముక్కు మూసుకున్నారు, తరవాత గిన్నెలు పంపడం మొదలుపెట్టారు.

"ఏటే, అంత సన్నమైపోనావు. ఆ డబ్లిన్లో తిండి పెట్టరేటి నీకు?" అంది హైమావతి, చెల్లెలి చేతిలో సంచి అందుకుంటూ.

శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటారు. ఐర్లండులో పదేళ్లు ఉన్నా సుభాషిణికి ఆ పిలుపు మారలేదు. "పదకొండు వచ్చిందప్పా మీ ఊరికి," అంది, చెప్పులు కూడా విప్పకముందే.

హైమావతి కత్తిపీట ముందేసుకుంది. వంకాయలు తరుగుతూ, "ప్యాకీ పోయినప్పుడు ఆ బండిలో నేనే ఉన్నాను," అంది. "గెరాటీకి వోడు చిన్నప్పట్నుంచీ జతగాడు. మూడ్రోజులు అన్నం ముట్టలేదు ఆ ముసిలాయన. ఆయనకి పదకొండేటే?"

"ఆయన నవ్వించాడప్పా. గొంతు వణకలేదు. యంత్రం ఏం చేస్తుంది?"

"ఇక్కడోలంతా అంతే. సావు కబురు కూడా నవ్వుతానే సెప్తారు. ఎదటోడికి బరువవకూడదని. ఎలగున్నావంటే, కాలిరిగినోడు కూడా పర్లేదంటాడు. నీ పెట్టెకి ఆ పర్లేదు ఇనపడదేటి?"

భోజనం అయ్యాక, ఏ రాయితో తూస్తున్నావో వినిపించమంది హైమావతి. సుభాషిణి ఫోనులో మామ్మ శోకం పెట్టింది. పాతికేళ్ల కిందటి గొంతు వంటింట్లో లేచింది. తాతను పేరు పెట్టి పిలుస్తోంది, ఆయన చేతికర్ర గుమ్మంలోనే ఉందంటోంది, ఒంటరిగా ఎవరికప్పగించి పోయావని నిలదీస్తోంది. వింటూ సుభాషిణి కళ్లు తుడుచుకుంది. హైమావతి మాత్రం చివరిదాకా విని ఫోను కట్టేసింది.

"మామ్మ ఏడుపు ఇది కాదే సుభా. ఇది మామ్మ పని."

"అదేంటప్పా?"

"పొద్దుట ఈ శోకం తీసింది. మజ్జానం నీకూ నాకూ అన్నం కలిపి ముద్దలు పెట్టింది, గుర్తు లేదేటి? మనకి ఆటలాగ నేర్పీది కూడా. ముందు పేరు పిలవాలి, తరవాత వోలు ఒగ్గేసిన వస్తువు చెప్పాలి, ఆ తరవాత నింద వెయ్యాలి, ఊపిరి తెగినకాడ ఆపీయాలి అని. పదకొండో రోజు సుట్టాలందరూ ఎల్లిపోనాక సూరుకింద కూచుంది సూడు, మూడు నెల్లు నోరిప్పలేదు. ఎవరేటడిగినా తలూపీది. అదీ మామ్మ ఏడుపంటే. దాన్ని నువ్వెలగ రికార్డు సేస్తావు, అందులో సప్పుడేటుంది గనక."

అక్క చెప్పింది నిజమని సుభాషిణికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎనిమిదేళ్ల తన చదువు, తన పరిశోధన, తన పేరు, అన్నీ నిలబడింది ఆ ఒక్క రాయి మీద. ఆ రాయి దొంగరాయి.

"మరి మార్సీ దాన్ని," అంది హైమావతి తేలిగ్గా.

"అంత సులువు కాదప్పా. తిరిగి పరీక్షలు చెయ్యాలంటే ఆరు నెలలు పడుతుంది. వచ్చే నెల ఇంకో మూడు దేశాల వాళ్లు చూడటానికి వస్తున్నారు. ఇప్పుడు తప్పని చెబితే మొత్తం పక్కన పడేస్తారు."

"పక్కన పడీసినా ఎవరూ సావరు కదే."

సుభాషిణి లేచి కంచాలు తీసింది. హైమావతి రెట్టించలేదు. గిన్నెలు కడుగుతూ మధ్యలో ఆగి, ఎడమ భుజం రాసుకుంది.

"ఏమైందప్పా?"

"పర్లేదే. నిన్న పేషెంటుని లేపినాను, పట్టీసింది."

డబ్లిన్ తిరిగి వెళ్లాక సుభాషిణి సంఘానికి ఉత్తరం రాసింది. రాయి తప్పని, పడమటి ఊళ్లకు అన్యాయం జరుగుతోందని, పనిని ఆరు నెలలు ఆపాలని. బాగానే రాసింది. పంపే ముందు, చూడటానికి వచ్చేవాళ్లు వచ్చి వెళ్లాక పంపుదాంలే అనుకుంది. వాళ్లు వచ్చారు, మెచ్చుకున్నారు, శాలువా లాంటిదేదో కప్పి వెళ్లారు. ఉత్తరం సొరుగులోనే ఉండిపోయింది.

* * *

మార్చి ఒకటిన కిల్‌డెర్రా వార్డు మూసేశారు. మే నెలలో ఒక గురువారం, పొద్దున్న పది గంటలకు ప్రయోగశాలలో సుభాషిణి ఫోను మోగింది. గెరాటీ గొంతు.

"అమ్మాయ్, కూర్చునే ఉన్నావా?" అన్నాడు. ఆ ముసలాయన ఏ నవ్వు మాటా కలపకుండా మొదలుపెట్టడం ఆమె అప్పుడే విన్నది.

పెరట్లో చేపలు ఆరేస్తూ హైమావతి కూలబడింది. పక్కింటామె చూసింది. ఆంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. వార్డు ఉన్న రోజుల్లో ఆ ఇంటి నుంచి ఆసుపత్రికి నడిచి అయిదు నిమిషాలు. బండి పట్నం దారి పట్టింది. బండిలో ఉన్న నర్సు సూది గుచ్చడానికి నరం దొరక్క తడబడుతుంటే, హైమావతే చెయ్యి చాపింది. "ఎడమ చేతిలో దొరకదు, కుడి చేతిలో చూడు, కంగారు పడకు," అంది. అవే ఆఖరు మాటలు. డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర, ఇళ్లూ మనుషులూ లేని బురద నేలల మధ్య పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. సుభాషిణి సొరుగు తీసి ఆ ఉత్తరం చూసింది. తన అక్కను చంపింది ఎవరో ఆ కాగితం మీద తన చేతి రాతలోనే ఉంది.

కిల్‌డెర్రా ఆచారం ప్రకారం శవాన్ని ముందుగదిలో ఉంచారు. ఊరంతా వచ్చింది. టీ కాచారు, రొట్టె ముక్కలు పంచారు, శవం పక్కనే కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకున్నారు. హైమావతి చేపల వాసన గురించి, ఆమె చేతి కూర మొదటిసారి తిని ఫాదర్ గారు రెండు చెంబుల నీళ్లు తాగడం గురించి ఒకరి తరవాత ఒకరు చెప్పి నవ్వారు. సుభాషిణికి మొదట ఒళ్లు మండిపోయింది. తరవాత చూసింది. నవ్వుతున్న మనిషి చేతిలో టీ కప్పు అదే పనిగా వణుకుతోంది. కథ చెప్పడం ముగించిన ప్రతివాడూ కాసేపు పెరట్లోకి వెళ్లి, గోడ వైపు తిరిగి నిలబడి, మొహం కడుక్కుని వస్తున్నాడు. తన పెట్టె ఈ గదిలో ఉంటే ఒక్కరికీ పదిహేను దాటదు.

ఆమెకు మాత్రం ఒక్క చుక్క కన్నీరు రాలేదు. దహనానికి అక్కను మళ్లీ పట్నమే తీసుకెళ్లాల్సి వచ్చింది. అదే దారి, అదే నూట పద్దెనిమిది కిలోమీటర్లు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆమే అడిగింది. "గెరాటీ గారూ, సభలో మీ నాలుగు నిమిషాలు వేరే మనిషికి ఇవ్వచ్చా?"

"సాక్షి అయితే ఇవ్వచ్చు. కొత్తగా ఎవరు మాట్లాడినా జాబితా తిరగరాస్తారు కూడా." ఆయన కారు వేగం తగ్గించాడు. "నువ్వు చేయగలవా, అమ్మాయ్? నిన్న నీ మొహం చూశాను. మా వాళ్ల కంటే గట్టిదానివి."

"నాకు చేతనవును," అంది సుభాషిణి.

* * *

జూన్‌లో ఆమె ఆ సభలో నిలబడింది. ఎదురుగా తను చేసిన పెట్టె. అద్దాల గదిలో ఇప్పుడు వేరేవాళ్లు కూర్చున్నారు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, కడుపు నిండా గాలి పీల్చి, మామ్మ నేర్పినట్టే ముందు పేరు పిలిచింది.

"ఓలప్పా... హైమప్పా... ఏ దారెల్లిపోనావే నా తల్లీ... నువ్వారేసిన సేపలు తాడు మీదే ఉన్నాయే, ఎవులు తీస్తారే అప్పా... గుమ్మంకాడ సెప్పులు నీ కాలి కోసం సూస్తన్నాయే... అయిదు నిమిషాల దారి ఒగ్గేసి అయిదూళ్ల దారి పట్టించినారే నిన్ను... కన్నోలు కారే, కట్టుకున్నోలు కారే, కుర్సీల్లో కూకున్నోలు సంపీసినారే..."

ఒక్క తెలుగు ముక్క అర్థం కాని ఆ సభ నిశ్చేష్టమైపోయింది. మంత్రి చేతిలో కాగితం బల్ల మీద పడేశాడు. వెనక వరసలో ఒక ముసలి సభ్యురాలు వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ల అమ్మమ్మల కాలంలో ఆ దేశంలోనూ శవం దగ్గర ఇలాగే రాగాలు తీసేవాళ్లట. అది ఆగిపోయి ఎన్నో తరాలైంది, అయినా లోపలెక్కడో మిగిలి ఉన్నట్టుంది.

సుభాషిణి మాత్రం లోపల ఊపిరి లెక్కపెడుతోంది. ఇక్కడ నాలుగు లెక్కపెట్టేదాకా సాగదీయాలి, ఇక్కడ తెంపాలి, నిందకు ముందు మింగాలి. అక్క మొహం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. రాలేదు. పని చేస్తున్నప్పుడు మామ్మకు కూడా ఇలాగే ఉండేదేమో అనుకుంది, అనుకుంటూనే ఇంకో రాగం ఎత్తుకుంది.

తొంభై ఎనిమిది వచ్చింది. మామ్మ కంటే రెండు తక్కువ, ఊపిరి చాల్లేదు.

మర్నాటికి కొత్త జాబితా వచ్చింది. కిల్‌డెర్రా పదిహేడో చోటు నుంచి మొదటి చోటుకు ఎక్కింది. జాబితా పన్నెండో పేరు దగ్గర ఆగుతుంది కదా, ఒకటి పైకి వచ్చిందంటే పన్నెండోది కిందికి దిగాలి. బాలినోర్ అని ఒక ఊరు అలా దిగిపోయింది. ఆ ఊరు దేశంలో ఏ మూల ఉందో కూడా ఆమెకు తెలియదు. ఆ పేరు మీద మాత్రం చూపు చాలాసేపు ఆగింది.

* * *

వారం తిరక్కుండానే ఆమె ప్రాధాన్యాల సంఘం అధ్యక్షుడు డాక్టర్ లావెల్ గదికి వెళ్లింది. పాత ఉత్తరం బల్ల మీద పెట్టింది.

"ఇది పని చెయ్యదండీ. నేను వాడిన రాయే తప్పు. మొన్న సభలో నేను ఏడవలేదు. ఊపిరి లెక్కపెట్టాను. అది ఏడుపు కాదు, పనితనం. నిజంగా ఏడ్చేవాళ్లకు ఇందులో పది కూడా రావడం లేదు."

లావెల్ మంచివాడే. ఆమెకు నీళ్లిచ్చి, జాలిగా చూశాడు. "సుభాషిణిగారూ, మీకు తొంభై ఎనిమిది వచ్చింది. ఈ దేశంలో ఇంతవరకూ ఎవరికీ అంత రాలేదు. అంత దుఃఖంలో ఉన్న మనిషి నాకు దుఃఖం లేదంటే ఎవరు నమ్ముతారు? కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి."

"నమ్మకపోతే తూచండి," అంది. "ఇదే మాట పెట్టె ముందు చెబుతాను."

ఆయన కాదనలేదు. పెట్టె తెప్పించాడు. ఆమె దాని ముందు కూర్చుని, తన వల్ల అక్క ఎలా పోయిందో, ఉత్తరం సొరుగులో ఎందుకు ఉండిపోయిందో, పైకెత్తకుండా దించకుండా అంతా చెప్పింది. గొంతు ఎక్కడా వణకలేదు. పుట్టిన తరవాత ఆమె చెప్పిన మాటల్లో అంత నిజమైనవి లేవు.

తెర మీద ఏడు వెలిగింది.

"చూశారా, ఈ మాటకు బరువే లేదు," అన్నాడు లావెల్ మెల్లగా. ఉత్తరాన్ని మడిచి ఆమెకే ఇచ్చేశాడు. తరవాత ఆమె ఎన్నిసార్లు రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

* * *

ఉద్యోగం వదిలేసి సుభాషిణి కిల్‌డెర్రా వచ్చి అక్క ఇంట్లో ఉండిపోయింది. వార్డు తెరిచారు, గుమ్మం మీద హైమావతి పేరుతో బోర్డు పెట్టారు. రిబ్బను కత్తిరించే రోజు ఆమె వెళ్లలేదు. చేపలు ఎండే తాడు అలాగే ఉంది, పిల్లులు కొన్నాళ్లు గోడ మీద చూసి చూసి వేరే ఇళ్లకు వెళ్లిపోయాయి. వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో ఆమె రోజంతా కూర్చునేది. మాట పోయింది. ఎవరైనా పలకరిస్తే తలూపేది. ఆ తలూపడం తనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు.

గెరాటీ ప్రతి ఆదివారం రొట్టె పట్టుకుని వచ్చి ఎదురు కుర్చీలో కూర్చునేవాడు. ఒకసారి మాత్రం తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఇప్పుడు సభలో అందరూ ఏడుస్తున్నారు, అమ్మాయ్. వంతెన కోసం ఏడుపు, రోడ్డు కోసం ఏడుపు. ఒకాయన నేర్పడానికి మనిషిని కూడా పెట్టుకున్నాడట. నాకా విద్య రాదు. ఈసారి నిలబడటం లేదు." అన్నాక టీ తాగి వెళ్లిపోయాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. ముప్ఫై అయిదేళ్ల ఆవిడ, వాన కోటు వేసుకుని నిలబడి ఉంది. పేరు ఓర్లా అని చెప్పింది. బాలినోర్ నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చానంది.

ఆ ఊరి పేరు వినగానే సుభాషిణి చెయ్యి తలుపు మీద నుంచి జారింది. ఓర్లా అది చూసింది. "నేను తగాదాకు రాలేదండీ," అంది. "మీ ఊరు పైకి వెళ్లినప్పుడు మా ఊరు కిందికి వచ్చిందని తెలుసు. మీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని."

కూర్చోబెట్టి టీ పెట్టింది సుభాషిణి. ఓర్లా కప్పును రెండు చేతులతో పట్టుకుని, వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పుకొచ్చింది. "మా వాడు కాహల్. ఆరేళ్లు. ఉబ్బసం ఉంది. ఆగస్టులో ఊపిరి అందక ఆంబులెన్సు ఎక్కించాం. వాడికి సైరను అంటే పిచ్చి. సైరను వెయ్యమని చేత్తో సైగ చేశాడు. డ్రైవరు దారి ఖాళీగా ఉన్నా వేశాడు పాపం. వాడు దారంతా సంతోషంగానే ఉన్నాడండీ. ఆ రోజు అంతకంటే ఎక్కువ సంతోషించిన మనిషి ఆ జిల్లాలో ఉండడు." ఆమె కాస్త నవ్వింది. కప్పులో టీ తొణికింది.

సుభాషిణి ఆ చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

"మా సభ్యుడు తన నాలుగు నిమిషాలు నాకిచ్చాడు. ఇదే చెప్పాను. తొమ్మిది వచ్చింది. మా వార్డు మూసే ఉంది. మా వీధిలోనే ఉబ్బసం పిల్లలు ఇంకో ముగ్గురున్నారు." ఓర్లా కప్పు కింద పెట్టింది. "మీకు తొంభై ఎనిమిది వచ్చిందట. నాకు నేర్పుతారా?"

సుభాషిణి కిటికీ వైపు తిరిగింది. నేర్పితే బాలినోర్ పైకి వెళుతుంది. జాబితాలో పన్నెండో ఊరు ఇంకొకటి కిందికి దిగుతుంది. ఆ ఊళ్లో ఒక మనిషి ఎవరో ఇప్పుడు ఇంట్లో పని చేసుకుంటూ ఉండి ఉంటారు. నేర్పకపోతే ఆ వీధిలో ముగ్గురు పిల్లలు. ఆ పన్నెండో ఊరి పేరేమిటని సుభాషిణి అడగలేదు. తెలిస్తే నేర్పడం తన వల్ల కాదు.

మూడు నెలల తరవాత ఆమె నోరు తెరిచింది. మాట గరగరలాడుతూ వచ్చింది.

"ముందు పేరు పిలవాలి. ఆ తరవాత వాడి వస్తువు ఏదైనా ఒకటి. పిలవండి."

ఓర్లా వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది. రెండోసారి కూడా రాలేదు. మూడోసారి కళ్లు మూసుకుని, ఆడుకుంటున్న పిల్లాడిని అన్నానికి పిలిచినట్టు, చిన్నగా, మామూలుగా పిలిచింది.

"కాహల్."

సుభాషిణికి మేలో ఆగిపోయిన కన్నీళ్లు అప్పుడు, ఆ ఒక్క పిలుపుకి, బొటబొటా రాలాయి. ఇంతకు మించిన ఏడుపు తను పుట్టాక వినలేదు. తక్కెడలో వేయాల్సిన రాయి ఇదే. ఆ సంగతి ఇంక ఎవరికి చెప్పినా ఏడుకు మించి తూగదు.

ఆమె కళ్లు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అంత మెల్లగా అయితే ఆ పెట్టెకు వినపడదమ్మా," అంది. "ఇంకా గట్టిగా పిలవండి."